చిలగడదుంప తియ్యగా ఉండాలంటే: రకం, నిల్వ, మంట

సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా మన సంతల్లో చిలగడదుంపలు కుప్పలుగా పోసి అమ్ముతారు. రాయలసీమవాళ్ల గెనుసుగడ్డ, తెలంగాణవాళ్ల కందగడ్డ, రత్నపురి గడ్డ కూడా ఇదే. ఒక వారం తెచ్చినవి చప్పగా, పొడిపొడిగా గొంతుకు అడ్డం పడతాయి. అదే బండి మీద ఇంకో వారం తెచ్చినవి వేలితో నొక్కితే చాలు గుజ్జయిపోతాయి, బెల్లం అక్కర్లేనంత తియ్యగా ఉంటాయి. ఇది అదృష్టం కాదు. దుంప ఏ రకమో, తవ్వాక ఎన్నాళ్లు ఎలా ఉందో, పొయ్యి మీద ఎంత నెమ్మదిగా వేడెక్కిందో, ఈ మూడింటిని బట్టే రుచి ఉంటుంది. మొదటిది రైతు చేతిలో ఉంది. మిగతా రెండూ మన చేతిలోనివే, ఎక్కువగా చెడగొట్టుకునేది కూడా అక్కడే.

తొక్క కాదు, లోపలి గుజ్జు చూడండి

తొక్క రంగును బట్టి రుచి చెప్పలేం. ఎర్ర తొక్క కింద తెల్ల గుజ్జు ఉండొచ్చు, నారింజ గుజ్జూ ఉండొచ్చు. కొనేటప్పుడు బొటనవేలి గోరుతో ఒక కొసన కొంచెం గీకి చూడండి, లోపలి రంగు తెలిసిపోతుంది.

మన దగ్గర ఎక్కువగా దొరికేది ఎర్ర తొక్క, తెల్లటి లేదా లేత పసుపు గుజ్జు ఉన్న రకం. ఇందులో పిండి ఎక్కువ, తడి తక్కువ. ఉడికితే పొడిగా విరుగుతుంది, తీపి మధ్యస్థం. కోస్తే పాలు బాగా కారతాయి, చాకు మీద తడి ఆరాక తెల్లటి పిండి పొర కనిపిస్తుంది. ఆ పొర దట్టంగా ఉంటే దుంప పొడిగా ఉడుకుతుందని ముందే అనుకోవచ్చు. తెల్ల తొక్క, తెల్ల గుజ్జు రకం కూడా దాదాపు ఇంతే.

నారింజ గుజ్జు రకాల్లో సాధారణంగా తడి ఎక్కువ. ఉడికాక మెత్తగా, కొంచెం జారుడుగా ఉంటాయి, గుమ్మడి, క్యారెట్‌ల వాసన వస్తుంది. తిరువనంతపురంలోని కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ అభివృద్ధి చేసిన భూ సోనా ఈ కోవలోదే. వంద గ్రాముల్లో సుమారు 14 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఎగా మారే నారింజ రంగు పదార్థం) ఉంటుంది. తెల్ల గుజ్జు రకాలు ఈ విషయంలో దీని దరిదాపులకు కూడా రావు. అదే సంస్థ తెచ్చిన ఊదా రంగు భూ కృష్ణలో వంద గ్రాములకు సుమారు 90 మిల్లీగ్రాముల ఆంథోసయనిన్ (ఆ ఊదా రంగునిచ్చే పదార్థం) ఉంటుంది. ఈ రెంటినీ 2017లో విడుదల చేశారు. ఊదా రకాలు ఉడికినా గట్టిదనం వదలవు, తీపి తక్కువ, కొంచెం వగరు ఉంటుంది.

నారింజ రంగంటే నీళ్లోడుతూ ఉండాల్సిందేనని అనుకోకండి. ఆఫ్రికాలో విటమిన్ ఎ లోపాన్ని తగ్గించడానికి నారింజ గుజ్జు దుంపను తీసుకెళ్లినప్పుడు ఎదురైన పెద్ద అడ్డంకి ఇదే. అక్కడి పెద్దవాళ్లకు పిండిగా, పొడిగా ఉండే దుంపే ఇష్టం. తడి దుంపను పిల్లలు తిన్నా పెద్దలు పక్కన పెట్టేశారు. దాంతో మరియా ఆండ్రేడ్, రాబర్ట్ మ్వాంగా లాంటి శాస్త్రవేత్తలు నారింజ రంగు పోకుండానే పిండి ఎక్కువున్న రకాలు తయారుచేశారు. వాళ్లిద్దరితో పాటు జాన్ లో, హోవార్త్ బూయిస్‌లకు 2016లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. నోటికి నచ్చకపోతే ఎంత పోషకమున్నా ఆ దుంప గిన్నెలోనే మిగిలిపోతుంది. అందుకే రకం ఎంచుకునేటప్పుడు ఇంట్లోవాళ్లకు పొడిది ఇష్టమా, తడిది ఇష్టమా అన్నదే మొదట చూసుకోవాలి.

అమెరికాలో ఉన్నవాళ్లకు ఎక్కువగా దొరికేవి బోరెగార్డ్ (1987లో లూసియానాలో విడుదలైంది), కోవింగ్టన్ (2005, నార్త్ కరోలినా). రెండూ నారింజవే, తడివే. వీటితో మన ఊరి వేపుడు, పులుసు అలాగే రావాలని చూస్తే ముక్క నిలవదు. మన రుచి కావాలంటే ఊదా తొక్క, లేత పసుపు గుజ్జు ఉన్న జపాన్ తరహా దుంప కొనండి. మురసాకి పేరుతో అమ్మేది ఇలాంటిదే. అక్కడ 'యామ్' అని రాసి పెట్టేది కూడా చాలా దుకాణాల్లో నారింజ చిలగడదుంపే, మనం కంద అని కూర వండుకునే వేరే దుంప కాదు.

దుంప 150 నుంచి 250 గ్రాముల మధ్య, రెండు కొసలూ సన్నబడి, ఎక్కడా నొక్కులు లేకుండా ఉంటే మంచిది. గుండుసూది గుచ్చినంత రంధ్రాలుంటే లోపల ముక్కు పురుగు ఉన్నట్టే, వదిలేయండి. కడిగి మెరుపుతో పెట్టినవాటి కంటే మట్టి అంటుకున్నవే ఎక్కువ రోజులుంటాయి.

తవ్విన దుంపను వెంటనే వండకండి

అప్పుడే తవ్విన దుంపలో పిండి ఉంటుంది గానీ తీపి ఇంకా రాదు. తొక్క కూడా పల్చగా ఉండి బొటనవేలితో రుద్దితే లేచిపోతుంది. వెచ్చటి, తేమ ఉన్న చోట కొన్నాళ్లుంచితే రెండు పనులు జరుగుతాయి. గాయాల కింద బెరడు లాంటి కొత్త పొర కట్టి, కుళ్లు లోపలికి పోకుండా అడ్డుకుంటుంది. లోపల కొంత పిండి చక్కెరలుగా మారుతుంది. పెద్ద గోదాముల్లో దీన్ని 29 నుంచి 32 డిగ్రీల వేడిలో, 85 నుంచి 90 శాతం తేమలో నాలుగు నుంచి ఏడు రోజులు చేస్తారు. మన సంతకొచ్చే దుంప చాలావరకు ఈ దశ దాటకుండానే వస్తుంది, కాబట్టి ఈ పని ఇంట్లోనే చేసుకోవాలి.

కడగకండి. మట్టి ఎండాక పొడిగుడ్డతో దులపండి. తెగినవి, చీలినవి, మెత్తబడినవి ముందే ఏరేసి, బాగున్న తెగిన ముక్కలు ఆ రోజే వండేసుకోండి. మిగతావాటిని గంపలోనో, పక్కల చిల్లులు పెట్టిన అట్టపెట్టెలోనో రెండు వరసలు మించకుండా పేర్చండి. గోనెసంచిని తడిపి గట్టిగా పిండి, దుంపలకు తగలకుండా గంప అంచుల మీద కప్పండి. వంటింట్లో పై అర దీనికి మంచి చోటు, ఇంట్లో వెచ్చదనం అక్కడే ఎక్కువ. ఎండ తగలకూడదు. సంచి ఆరిపోతే మళ్లీ తడపండి. దుంపల మీద నీటిచుక్కలు కనిపిస్తే మాత్రం సంచి తీసి ఒక పూట గాలి తగలనివ్వండి, లేకపోతే బూజు పడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో గాలిలోనే తేమ ఉంటుంది కాబట్టి తడి సంచి అక్కర్లేదు, పొడి సంచి కప్పితే చాలు.

జనవరి, ఫిబ్రవరి రాత్రులు చల్లగా ఉంటాయి కాబట్టి మన ఇళ్లలో దీనికి వారం నుంచి పది రోజులు పడుతుంది. బొటనవేలితో గట్టిగా రుద్దినా తొక్క లేవకపోతే, గీతలు పడ్డ చోట ఎండి గట్టిపడితే పని అయినట్టే. అక్కడి నుంచి ఇంకో రెండు మూడు వారాలు ఆగగలిగితే తీపి ఇంకా పెరుగుతుంది, గుజ్జు కూడా మెత్తబడుతుంది. శివరాత్రి ఉపవాసానికి దుంపలు కావాలంటే మూడు వారాల ముందే కొనిపెట్టుకోండి. పండగ ముందురోజు కొన్నదాంట్లో ఆ తీపి ఉండదు.

ఫ్రిజ్‌లో పెట్టొద్దు

పచ్చి చిలగడదుంపకు 13 నుంచి 15 డిగ్రీల చల్లదనం సరిపోతుంది. పన్నెండు డిగ్రీల కిందికి పోతే కణాలు దెబ్బతింటాయి. ఫ్రిజ్ లోపల ఉండేది నాలుగైదు డిగ్రీలే. అయితే పైకి ఏమీ కనిపించదు, అందుకే చాలామంది నమ్మరు. వండాక తెలుస్తుంది: చుట్టూ మెత్తగా ఉడుకుతుంది, నడిమధ్య మాత్రం ఎన్ని విజిల్స్ వేయించినా పచ్చిదానిలా గట్టిగా మిగులుతుంది. కణాల గోడల్ని అతికించి ఉంచే పెక్టిన్ మామూలుగా వేడికి కరిగి ముక్క మెత్తబడుతుంది. చలి తగిలిన దుంపలో అది సరిగా కరగదు. ఇంకొన్ని రోజులుంచితే లోపల గోధుమ రంగు మచ్చలొస్తాయి, కుళ్లు కూడా త్వరగా పడుతుంది. ఒకసారి చెడ్డ దుంపను బాగుచేసే దారి లేదు. గట్టి భాగం తీసేసి మిగతాది వాడుకోవడమే.

చలికాలంలో చలిదేశాల్లో గ్యారేజీలో, బాల్కనీలో పెట్టినా ఇదే జరుగుతుంది. హీటర్ గాలి తగలని లోపలి అల్మారా మేలు.

అలాగని మన ఎండల్లో బయట వదిలేసినా నిలవదు. శీతాకాలంలో సరిగా ఆరిన దుంప మూడు నాలుగు వారాలు బాగుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో పది రోజులకే నీరు ఇంకిపోయి లోపల బెండులా అయిపోతుంది. ఎక్కువ ఉంటే ఇసుకలో దాచండి. ఇసుకను ఎండలో బాగా ఆరబెట్టి, పూర్తిగా చల్లారాక కుండలోనో చెక్కపెట్టెలోనో ఒక వరస పోసి, దుంపలు ఒకదానికొకటి తగలకుండా పేర్చి, మళ్లీ ఇసుక పోయండి. అన్నిటికన్నా పైన నాలుగు వేళ్ల మందాన ఇసుక ఉండాలి. నీరు ఇంకిపోవడం తగ్గుతుంది, ముక్కు పురుగు దుంప దాకా చేరడం కష్టమవుతుంది. మగ్గుతున్న అరటిపళ్లు, యాపిల్స్ పక్కన పెట్టకండి. వాటి నుంచి వచ్చే ఇథిలీన్ దుంప రంగునూ రుచినీ చెడగొడుతుంది.

మొలకలొస్తే భయపడక్కర్లేదు. బంగాళదుంప మొలకల్లో ఉండే సొలనిన్ విషం వీటిలో ఉండదు. విరిచేసి వండుకోవచ్చు. మొలక బెత్తెడు పెరిగిందంటే మాత్రం దుంపలోని సత్తువంతా అందులోకి పోయినట్టే. అలాంటిది చప్పగా, పీచుగా ఉంటుంది. కుండీలో పాతితే ఆకుకూరన్నా దక్కుతుంది.

నెమ్మదిగా వేడెక్కితేనే తీపి

పచ్చి దుంపలో బీటా అమైలేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. ఇది పిండిని మాల్టోజ్ అనే చక్కెరగా మారుస్తుంది. పచ్చి పిండి జోలికి ఇది పెద్దగా పోదు. పిండి వేడికి ఉబ్బి జావ కావాలి, అది సుమారు 65 డిగ్రీల దగ్గర మొదలవుతుంది. 80 దాటితే ఎంజైమే చచ్చిపోతుంది. అంటే దుంప లోపలి భాగం 65కీ 80కీ మధ్య ఎంతసేపు ఉంటే అంత తీపి. ప్రెషర్ కుక్కర్ ఈ మెట్టును చకచకా దాటించేస్తుంది, మైక్రోవేవ్ ఇంకా త్వరగా. అందుకే వాటిలో ఉడికినది మెత్తగా ఉన్నా చప్పగా ఉంటుంది. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల్లో వంద గ్రాముల పచ్చి దుంపలో చక్కెరలు 4.2 గ్రాములు. తొక్కతో ఓవెన్‌లో కాల్చినదానిలో 6.5. పెరిగినదాంట్లో ఎక్కువ భాగం మాల్టోజే. జపాన్‌వాళ్లు 2002లో తెచ్చిన క్విక్ స్వీట్ రకంలో పిండి మామూలు కంటే దాదాపు 20 డిగ్రీల ముందే జావవుతుంది, కాబట్టి మైక్రోవేవ్‌లో కూడా తియ్యగా వస్తుంది. మన రకాలకు ఆ సౌలభ్యం లేదు, మంట తగ్గించుకోవాల్సిందే.

పొయ్యి మీద ఇలా చేయండి. ఒక్కొక్కటి రెండు వందల గ్రాములుండే దుంపల్ని కడిగి, తొక్కతో, కొసలు కోయకుండా మందపాటి గిన్నెలో పెట్టి, మునిగేదాకా చల్లటి నీళ్లు పోయండి. కొసలు కోస్తే చక్కెర నీళ్లలోకి కారిపోతుంది. సన్న మంట మీద వేడి చేయండి. గిన్నె అడుగున చిన్న బుడగలు పట్టి, నీళ్లు ఇంకా కదలకుండా, పైకి ఆవిరి లేస్తుంటే 70, 75 డిగ్రీల దగ్గర ఉన్నట్టు. అక్కడ మంట వీలైనంత తగ్గించి ముప్పావు గంట ఉంచండి. నీళ్లు కుతకుతలాడితే అర గ్లాసు చల్లటి నీళ్లు పోయండి. తర్వాత నీళ్లు వంపేసి, ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద 15 నుంచి 20 నిమిషాలు పూర్తిగా ఉడికించండి. పుల్ల గుచ్చితే అడ్డం లేకుండా అవతలికి పోవాలి. దించాక పది నిమిషాలు మూత పెట్టి వదిలేస్తే లోపలి తడి సమంగా సర్దుకుంటుంది.

ఓవెన్ ఉంటే ముందుగా వేడి చేయకండి. చల్లటి ఓవెన్‌లోనే పెట్టి 120 డిగ్రీల మీద గంట, తర్వాత 200 మీద అరగంట. ఎయిర్ ఫ్రైయర్‌లో 120 మీద 40 నిమిషాలు, 190 మీద 15 నిమిషాలు. తొక్క మీద జిగటగా పాకం ఊరి గోధుమ రంగు చుక్కలు కడితే సరిగ్గా కాలినట్టు. భోగి మంట దగ్గర చేసేటప్పుడు మంటలో వేయొద్దు, పైన బొగ్గవుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. మంట ఆరి నిప్పులు నివురు గప్పాక బూడిదలో పూడ్చిపెట్టి, మధ్యలో ఒకసారి తిప్పి, ముప్పావు గంట తర్వాత తీయండి.

కుక్కర్ తప్పదనుకుంటే కొంచెం నీళ్లు పోసి, వెయిట్ పెట్టకుండా అతి సన్న మంట మీద 25 నిమిషాలు ఉంచి, చివర్లో వెయిట్ పెట్టి ఒక్క విజిల్ రానివ్వండి.

షుగర్ ఉన్నవాళ్లకు ఈ లెక్క తిరగబడుతుంది. నెమ్మదిగా కాల్చినదాని కంటే, మరుగుతున్న నీళ్లలో ముక్కలు వేసి ఉడికించినది రక్తంలో చక్కెరను నెమ్మదిగా పెంచుతుంది.

ఏ వంటకు ఏ దుంప

చిప్స్, వేపుడుకు తాజా దుంపే కావాలి. ఇక్కడ నిల్వ పనికిరాదు. దాచిన దుంపలో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ పెరిగి ఉంటాయి, కరకరలాడకముందే నల్లగా మాడిపోతుంది. తెల్ల గుజ్జు రకాన్ని ఒకటిన్నర మిల్లీమీటరు మందాన తరిగి, చల్లటి నీళ్లలో 20 నిమిషాలు నానబెట్టి, గుడ్డ మీద పూర్తిగా ఆరాక 160 డిగ్రీల నూనెలో కొద్దికొద్దిగా వేయించండి.

పులుసులో ముక్క నిలవాలా, మెత్తబడాలా అన్నది చింతపండు ఎప్పుడు పోస్తామన్నదాన్ని బట్టి ఉంటుంది. పులుపు తగిలితే పెక్టిన్ సరిగా కరగదు. పొడి రకమైతే ఉప్పు, పసుపు వేసిన నీళ్లలో ముప్పాతిక వంతు ఉడికాకే చింతపండు రసం పోయండి, లేకపోతే ముక్క గట్టిగా మిగిలిపోతుంది. నారింజ తడి రకమైతే ముక్క వేసిన కాసేపటికే పోసేయండి, చితకకుండా నిలుస్తుంది. అర కిలో ముక్కలకు నిమ్మకాయంత చింతపండు, నిల్వ దుంపైతే 20 గ్రాముల బెల్లం, తాజాదైతే 40.

బొబ్బట్ల పూర్ణానికి పొడి రకం మేలు. అర కిలో మెదిపిన గుజ్జుకు 200 గ్రాముల బెల్లం సరిపోతుంది. నిల్వ దుంపకు 150 చాలు. నారింజ రకంతో చేస్తే బెల్లం వేయకముందే గుజ్జును బాణలిలో నెయ్యితో అంచులు వదిలేదాకా దగ్గరపడనివ్వండి. ముందే బెల్లం వేస్తే పాకమై జారిపోతుంది, ఇక ఎంతసేపు కలిపినా ఉండ కట్టదు. అప్పుడు రెండు చెంచాల వేయించిన బొంబాయి రవ్వే దిక్కు. మెదపడానికి మిక్సీ వద్దు, జిగురెక్కుతుంది. వేడి మీదే గరిటెతో మెదపండి.

హల్వా, పాయసాలకు నారింజదే. ఊదా దుంప కూరలో చింతపండు, నిమ్మరసం పడితే ఎరుపుకు తిరుగుతుంది. బజ్జీల పిండిలో వంటసోడా ఉంటే ముక్క అంచులు నీలంగా, ఆకుపచ్చగా మారతాయి. చెడిపోలేదు, రంగే మారింది.

తేడా కనిపిస్తే

ఉడికాక బూడిద రంగుకు, నలుపుకు తిరిగితే అది దుంపలోని క్లోరోజెనిక్ ఆమ్లం ఇనుముతో కలిసినందువల్ల. ఇనప మూకుడులో, బోరు నీళ్లలో ఎక్కువ కనిపిస్తుంది. తినొచ్చు. కోసిన ముక్కల్ని వెంటనే నీళ్లలో వేసి, ఉడికే నీళ్లలో నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే తగ్గుతుంది.

చేదుగా ఉంటే మాత్రం ఆ దుంప మొత్తం పారేయండి. ముక్కు పురుగు తొలిచినప్పుడు, బూజు పట్టినప్పుడు దుంప తనను కాపాడుకోవడానికి ఇపోమియామరోన్ లాంటి చేదు పదార్థాలు తయారుచేస్తుంది. ఇవి కాలేయానికి హాని చేసేవి, ఉడికించినా పోవు. పుచ్చు కోసేసి మిగతాది వండితే చాలదు, చేదు చుట్టుపక్కలకు కూడా పాకి ఉంటుంది. పశువులకు వేయడం ఇంకా ప్రమాదం. బూజు పట్టిన చిలగడదుంపలు తిన్న ఆవులు, గేదెలు ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఊపిరాడక చనిపోవచ్చు. గొయ్యి తీసి పూడ్చేయండి.

నీళ్లనీళ్లగా, రుచి లేకుండా ఉంటే తవ్వే ముందు వాన పడి ఉంటుంది, లేదా చివరిదాకా తడి పెట్టి ఉంటారు. అలాంటివాటిని ఉడికించకుండా కాల్చండి. పీచు ఎక్కువుంటే ముదిరిపోయిన పంట, జల్లెడలో రుద్ది గుజ్జు తీసుకుంటే సరి. కొస మెత్తబడి పులిసిన వాసన వస్తుంటే ఆ ఒక్కటీ వెంటనే బయట పడేసి పక్కవాటిని తుడవండి. ఆ కుళ్లు తగిలిన ప్రతిదానికీ పాకుతుంది.

ఉడికిన దుంపను ఫ్రిజ్‌లో నిరభ్యంతరంగా పెట్టొచ్చు, మూడు రోజులుంటుంది. మర్నాటికి గట్టిపడితే ఐదు నిమిషాలు ఆవిరి పట్టండి. ఎక్కువ చేసుకుంటే అర కిలో గుజ్జుకు చెంచాడు నిమ్మరసం కలిపి, పావు కిలో చొప్పున పల్చటి పొట్లాలుగా ఫ్రీజర్‌లో పెట్టండి, ఆరు నెలల వరకు బాగుంటుంది. మంచు కరిగినప్పుడు గుజ్జు నుంచి నీరు విడిపోతుంది. పూర్ణానికి వాడేటప్పుడు ఆ నీరు బాణలిలో ఇగిరిపోయాకే బెల్లం వేయండి.